బస్టాపు నుంచి ఇంటి గుమ్మం దాకా

తెలంగాణ ఆర్టీసీ, హైదరాబాద్ మహానగర పాలక సంస్థ, నగర పోలీసు ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

వీధిలో, బస్సులో, బస్టాపులో ఆడవాళ్లను వేధించే తీరు ఒక్కటే కాదు. ఎగాదిగా చూడటం, ఈల వేయడం, పాట అందుకోవడం, బండిని పక్కనే నెమ్మదిగా నడుపుతూ లిఫ్టు కావాలా అని అడగడం, సెల్‌ఫోన్ ఎత్తిపట్టి ఫొటో తీయడం, రోజూ అదే స్టాపులో కాపు కాసి హాస్టల్ గేటు దాకా వెంటపడటం, రద్దీలో ఒంటిమీద చెయ్యి వేయడం ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. చాలావరకు క్షణాల్లో జరిగిపోతాయి. చేసినవాడు తర్వాతి స్టాపులో దిగిపోతాడు, లేదా ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడతాడు. సాక్షులుండరు, గాయం కనిపించదు, పేరు తెలియదు. అందుకే ఇది నేరాల లెక్కల్లోకి ఎక్కే పాళ్లు చాలా తక్కువ.

సాయంత్రం ఆరు గంటల సిటీ బస్సులో ఏం జరుగుతుందో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. కాలేజీ నుంచి వస్తున్న అమ్మాయి ఒక చేత్తో పైరాడ్ పట్టుకుంటుంది. వీపుమీది బ్యాగు తీసి ముందుకు తగిలించుకుంటుంది. అది జేబుదొంగల భయంతో చేసే పని కాదు. వెనక నిలబడ్డ మనిషి మీద పడితే అది బ్రేకు వల్లా, కావాలనా అని ఆమె ముందు తేల్చుకోవాలి. బ్రేకు పడినప్పుడు మీద పడటం వేరు, బ్రేకు పడకుండానే మీద పడటం వేరు. మొదటిసారి ఆమె అనుమానాన్ని తనలోనే దాచుకుంటుంది. రెండోసారి మోచెయ్యి అడ్డం పెడుతుంది. మూడోసారి రెండడుగులు ముందుకు జరుగుతుంది, జరగడానికి చోటుంటే. ‘సరిగ్గా నిలబడు’ అని గట్టిగా అంటే, ‘అంత ఇబ్బందైతే ఆటోలో పోవచ్చుగా’ అన్న జవాబు చాలాసార్లు వేధించిన వాడి నుంచి కాదు, పక్కవాళ్ల నుంచి వస్తుంది. తల్లుల కాలంలో చీర కుచ్చిళ్లకు పెట్టుకున్న పిన్నీసు బస్సెక్కగానే చేతిలోకి వచ్చేది. కూతుళ్ల కాలంలోనూ ఆ పిన్నీసు బ్యాగులో ఉంటోంది.

ఇంట్లో చెప్పుకోవడం ఇంకో సమస్య. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే అమ్మాయి ఫోనులో ఈ మాట చెబితే, అవతలి నుంచి వచ్చే మొదటి మాట ‘ఊరికొచ్చెయ్యి తల్లీ’ అనే. అది ప్రేమతో అన్నదే, కానీ దాంతో చదువు ఆగిపోతుంది. అందుకని ఆమె చెప్పదు. దానికి బదులు దారి మార్చుకుంటుంది, సాయంత్రం బ్యాచి వదిలి మధ్యాహ్నం బ్యాచిలో చేరుతుంది, ఒక స్టాపు ముందే దిగి నడుస్తుంది, బస్సులో ఉచితంగా అయ్యే ప్రయాణానికి ఆటోకి వంద పెడుతుంది. వేధింపు వల్ల కలిగే అసలు నష్టం ఇదే. ఇది ఏ రికార్డులోనూ కనిపించదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థినుల మీద ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనం దీన్ని కొలిచి చూపింది. మంచి కాలేజీలో సీటు వచ్చే మార్కులున్నా, దారి క్షేమంగా ఉంటుందని అంతకంటే తక్కువస్థాయి కాలేజీని ఎంచుకునే అమ్మాయిలు అక్కడ ఉన్నారని, క్షేమమైన దారి కోసం వాళ్లు అబ్బాయిల కంటే ఎక్కువ డబ్బు పెట్టడానికీ సిద్ధపడుతున్నారని అందులో తేలింది. ఫిర్యాదులు తగ్గాయి కాబట్టి వీధి బాగుపడిందని ఏ శాఖ అయినా చెబితే, ఆ వీధిలో నడవడం మానేసిన వాళ్లెందరో కూడా చెప్పాల్సి ఉంటుంది.

చట్టం విషయంలో కొరత పెద్దగా లేదు. 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచార ఘటన తర్వాత ఏర్పాటైన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ నెల తిరక్కుండానే నివేదిక ఇచ్చింది. 2013లో శిక్షాస్మృతిని సవరించి లైంగిక వేధింపును, వెంటపడటాన్ని, చాటుగా చూసి చిత్రాలు తీయడాన్ని విడి నేరాలుగా చేర్చారు. 2024 జులై 1 నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 75, 78, 77 సెక్షన్లుగా ఉన్నాయి. అసభ్యమైన మాట అన్నందుకు ఏడాది వరకు, ఒంటిమీద చెయ్యి వేసి వేధించినందుకు మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. వెంటపడటం మొదటిసారైతే మూడేళ్ల వరకు శిక్ష, బెయిలు హక్కుగా దొరుకుతుంది. మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష, బెయిలు కోర్టు దయ. కానీ బస్సులో జరిగిన దానికి ఈ సెక్షన్ల కింద కేసు నడవాలంటే పేరు కావాలి, సాక్షి కావాలి, వాయిదాలకు తిరిగే ఓపిక కావాలి. పరీక్షలు పెట్టుకున్న అమ్మాయి దగ్గర ఆ మూడూ ఉండవు. అందుకే ఎక్కువ సందర్భాల్లో వ్యవహారం పెట్టీ కేసుతోనో, తల్లిదండ్రుల్ని పిలిపించి ఇచ్చే కౌన్సెలింగ్‌తోనో ముగుస్తుంది.

ఈ లోటును పూడ్చడానికి వచ్చినవే షీ టీమ్స్. ఐఏఎస్ అధికారి పూనం మాలకొండయ్య నేతృత్వంలోని కమిటీ సిఫారసుల తర్వాత 2014 అక్టోబరు 24న అవి హైదరాబాద్‌లో మొదలయ్యాయి, 2015లో రాష్ట్రమంతటికీ విస్తరించాయి. మఫ్టీలో ఉన్న పోలీసులు బస్టాపుల్లో, కాలేజీల దగ్గర, బోనాల రద్దీలో, ఖైరతాబాద్ గణేశుడి దర్శనం వరసల్లో నిలబడి, కెమెరాలో రికార్డు చేసి, అక్కడికక్కడే పట్టుకుంటారు. ఫిర్యాదు చేసిన మహిళ పేరు బయటికి రానివ్వరు. దేశంలో ఇతర నగరాలు చూసి నేర్చుకున్న పద్ధతి ఇది, దానికి దక్కిన మెచ్చుకోలు న్యాయమైనదే. కాకపోతే షీ టీమ్ పట్టుకునేది మనిషిని. ఆ మనిషిని తీసుకెళ్లిన మర్నాడు కూడా అదే స్టాపు అదే చీకటిలో, ముప్పావు గంట దాకా రాని అదే బస్సు కోసం ఎదురుచూసే అదే జనంతో ఉంటుంది. ఆ చోటును మార్చే పని పోలీసుల చేతిలో లేదు. అది ఈ లేఖ అందుకుంటున్న మిగతా ఇద్దరి చేతిలో ఉంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయిన తీర్పు ఒకటుంది. తమిళనాడులో బస్టాండులో ఒక మహిళతో అసభ్యంగా ప్రవర్తించిన పోలీసు ఉద్యోగి తొలగింపు మీద నడిచిన కేసులో, 2012 నవంబరు 30న జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ దీపక్ మిశ్రాలతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం రాష్ట్రాలన్నిటికీ ఆదేశాలు జారీ చేసింది. ఢిల్లీ ఘటనకు పదహారు రోజుల ముందు. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, సినిమా హాళ్లు, పార్కులు, గుళ్ల దగ్గర మఫ్టీలో మహిళా పోలీసుల్ని ఉంచాలని, కీలకమైన చోట్ల కెమెరాలు పెట్టాలని, మూడు నెలల్లో మహిళా హెల్ప్‌లైన్ ఏర్పాటు చేయాలని, బస్సుల్లో సహా అన్ని చోట్లా హెచ్చరిక బోర్డులు కట్టాలని చెప్పింది. వీటిలో చాలావరకు ఏదో ఒక రూపంలో అమలయ్యాయి. అమలు కానిది ఒకటే. ప్రయాణికుల బస్సులో వేధింపు జరిగి బాధితురాలు ఫిర్యాదు చేస్తే, సిబ్బంది ఆ బస్సును దగ్గర్లోని పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లాలి. తీసుకెళ్లకపోతే పర్మిటే రద్దు కావాలి.

ఇది ఎందుకు జరగదో డ్రైవరు సీటు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. బస్సు స్టేషనుకు మళ్లితే ట్రిప్పు పోతుంది. ట్రిప్పు పోతే ఆ రోజు తిరగాల్సిన కిలోమీటర్లు తగ్గుతాయి, డిపోలో సంజాయిషీ చెప్పుకోవాలి. లోపల డెబ్బై మంది ‘మాకు లేటవుతోంది, వాణ్ణి దింపేసి పోనీయండి’ అంటారు. స్టేషన్లో వాంగ్మూలం, ఆపైన కోర్టు సమన్లు. కండక్టరు చేసేది అందుకే ఒక్కటే: వేధించిన వాణ్ణి నాలుగు తిట్టి దింపేయడం. వాడు వెనకాలే వచ్చే బస్సు ఎక్కుతాడు. సిబ్బందికి మనసు లేదని నిందించడం తేలిక. మంచి పని చేసిన వాడికే మెమో వచ్చేలా లెక్కలుంటే ఆ మనసు ఎన్నాళ్లుంటుంది?

కనుక ఆర్టీసీ నుంచి రావాల్సింది ఒక సర్క్యులర్. ఫిర్యాదు మీద బస్సు ఆగినా, మళ్లినా ఆ సమయాన్ని, ఆ కిలోమీటర్లను సిబ్బంది ఖాతాలో కోతగా చూడకూడదు. నగరం నడిబొడ్డున బస్సును మళ్లించడం కంటే తర్వాతి స్టాపుకు పెట్రోలింగ్ వాహనాన్ని రప్పించడం మేలైన చోట అదే చేయాలి. దానికి ప్రతి రూటులో ఏ స్టాపు ఏ స్టేషను పరిధిలోకి వస్తుందో కండక్టరు దగ్గర ముందే ఉండాలి. సిబ్బంది వాంగ్మూలాన్ని ఒక్కసారే, వీలైతే డిపోలోనే నమోదు చేసుకోవాలి. ఇందులో చట్టం మార్చాల్సింది ఏమీ లేదు. పెద్ద ఖర్చూ లేదు. కావాల్సింది ఆర్టీసీ, పోలీసు శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చోవడం. ఇన్నేళ్లుగా కరువైంది అదే.

బస్సు లోపలి పరిస్థితి 2023 డిసెంబరు 9 నుంచి చాలా మారింది. మహాలక్ష్మి పథకం కింద మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో అదే దారి పట్టింది. షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్లే ఎందరో ఆడవాళ్లు బస్సుకు వచ్చారు. బస్సు నిండా ఆడవాళ్లే ఉన్నప్పుడు వేధించేవాడికి ధైర్యం తగ్గుతుంది, అది కాదనలేని లాభం. మరోవైపు బస్సుల సంఖ్య జనంతో పాటు పెరగకపోవడంతో తొక్కిసలాట పెరిగింది, తొక్కిసలాటే చెయ్యి వేసేవాడికి ముసుగు. పైగా ‘ఫ్రీగా వచ్చి సీటు కూడా కావాలా’ అన్న ఎత్తిపొడుపు కొత్తగా మొదలైంది. ట్రాన్స్‌జెండర్ ప్రయాణికుల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లను ముందు సీట్ల దగ్గర ఆడవాళ్లు, వెనక మగవాళ్లు ఇద్దరూ జరగమంటారు. మధ్యలో జాలీ తలుపు పెట్టి మగవాళ్ల భాగాన్ని, ఆడవాళ్ల భాగాన్ని వేరుచేసే ప్రయత్నం గతంలో కొన్ని సిటీ బస్సుల్లో జరిగింది. రెండు వైపులా కిక్కిరిసిన బస్సులో ఆ తలుపు ఎంత పని చేస్తుందో అందులో ప్రయాణించిన వాళ్లకు తెలుసు. పది నిమిషాలకో బస్సు చేసే మేలు ఏ జాలీ చేయలేదు.

ఈ పథకం వల్ల ఎవరూ అనుకోని మరో లాభం చేతికొచ్చింది. ఉచిత ప్రయాణానికి కండక్టరు జీరో టికెట్ కొడతాడు. అందులో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, తేదీ, సమయం ఉంటాయి. అంటే ఏ స్టాపులో ఏ గంటకు ఎంతమంది ఆడవాళ్లు ఎక్కుతున్నారో, ఏ గంట తర్వాత ఆ సంఖ్య పడిపోతోందో చెప్పగల లెక్క ఆర్టీసీ దగ్గర రోజూ పోగవుతోంది. ఒక స్టాపులో రాత్రి ఎనిమిదింటికి మగవాళ్ల టికెట్లు మామూలుగానే ఉండి జీరో టికెట్లు ఒక్కసారిగా తగ్గిపోతే, ఆ చోటుకు వెళ్లి చూడాలి. అక్కడ దీపం లేకపోవచ్చు, వైన్‌షాపు ఉండవచ్చు, బస్సే రాకపోవచ్చు. ఏ ఫిర్యాదూ రాకుండానే సమస్య ఎక్కడుందో ఈ లెక్క చూపిస్తుంది. ప్రభుత్వం నుంచి రావాల్సిన రీయింబర్స్‌మెంట్ బిల్లుల కోసం తీసే ఆ అంకెల్ని స్టాపులవారీగా, గంటలవారీగా పాలక సంస్థకు, పోలీసులకు ఇవ్వడం పెద్ద పని కాదు. మనుషుల పేర్లు, ఆధార్ నంబర్లు అందులో అక్కర్లేదు, ఉండకూడదు కూడా.

రాత్రి వేళ గురించి విడిగా చెప్పుకోవాలి. రాత్రి 7:30 దాటాక మహిళలు అడిగిన చోట బస్సు ఆపాలని ఆర్టీసీ గ్రేటర్ హైదరాబాద్‌లో 2021లో సిబ్బందికి చెప్పింది. స్టాపు నుంచి సందు దాకా నడిచే నాలుగు వందల గజాలే భయపెట్టేవి కాబట్టి ఇది ఎంతో అక్కరకొచ్చే ఏర్పాటు. కెనడాలోని టొరంటోలో 1990ల మొదటి నుంచీ ఇలాంటిదే అమల్లో ఉంది. తేడా ఏమిటంటే అక్కడ దాని గురించి ప్రయాణికులకు తెలుసు. ఇక్కడ చాలామంది ఆడవాళ్లకు అలా అడగవచ్చన్న సంగతే తెలియదు, అడిగితే డ్రైవరుకూ గుర్తుండకపోవచ్చు. ముందు తలుపు పక్కన రెండు వరసల్లో రాసి పెడితే చాలు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో సాగిన నిర్ణయం ఇంకొకటి. 2019 డిసెంబరులో, ఆర్టీసీ సమ్మె ముగిశాక, సంస్థ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది దాటి డ్యూటీ వేయకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. కండక్టరమ్మలు కోరుకున్న ఊరట అది, వాళ్ల కష్టం తెలిసిన వాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. డ్యూటీ దిగాక ఇంటికి చేరే దారి వాళ్లకూ అదే చీకటి దారి. అయినా అది అమలైన చోట ఫలితం ఒకటుంది: ఎనిమిది తర్వాత బస్సులో యూనిఫారం వేసుకున్న ఆడమనిషి ఉండదు. రాత్రి క్షేమంగా లేదని ఆడవాళ్లను తప్పిస్తూ పోతే, మిగిలిన ఆడవాళ్లకు రాత్రి ఇంకా ప్రమాదకరమవుతుంది. డ్యూటీ దిగిన మహిళా సిబ్బందిని ఇంటి దాకా దింపే వాహనం ఏర్పాటు చేసి, ఇష్టమున్న వాళ్లకు రాత్రి డ్యూటీ ఇవ్వడం ఇంతకంటే ఖర్చుతో కూడినదే కానీ, ఫలితమిచ్చేది అదే. ఐటీ కంపెనీలు రాత్రి షిఫ్టు ఉద్యోగినులకు చేస్తున్నది అదే కదా.

పాలక సంస్థ పని స్టాపు దగ్గర మొదలవుతుంది. వీధి దీపాల విషయంలో సాధారణంగా లెక్కపెట్టేది స్తంభాలను. స్తంభం ఉన్నంత మాత్రాన కాలిబాట మీద వెలుగు ఉండదు. దీపం రోడ్డు మధ్యకు తిరిగి ఉంటుంది, వేపచెట్టు కొమ్మ దాన్ని సగం కప్పేస్తుంది, స్టాపు షెల్టర్ వెనకవైపున్న ప్రకటన బోర్డు మిగతా వెలుగును ఆపేస్తుంది. బోర్డు మాత్రం ధగధగ మెరుస్తుంటుంది, కూర్చునే బల్ల చీకట్లో ఉంటుంది. తనిఖీ పగలు పదకొండింటికి జరిగితే ఇవేవీ కనిపించవు. 1989లో టొరంటోలోని మెట్రాక్ అనే మహిళా సంస్థ రూపొందించిన సేఫ్టీ ఆడిట్ పద్ధతిలో అసలు నియమమే ఇది: చీకటి పడ్డాక, ఆ దారిలో రోజూ నడిచే ఆడవాళ్లతో కలిసి నడిచి చూడాలి. మన దేశంలో 2013లో కల్పనా విశ్వనాథ్, ఆశిష్ బసు మొదలుపెట్టిన సేఫ్టీపిన్ అదే పద్ధతిని ఫోన్ యాప్‌లోకి తెచ్చింది. వెలుగు, నడిచే బాట, చుట్టూ ఎంత దూరం కనిపిస్తుంది, ఎంతమంది తిరుగుతున్నారు, వాళ్లలో ఆడవాళ్లెందరు, బస్సు ఎంత దగ్గర వంటివన్నీ అందులో విడివిడిగా కొలుస్తారు.

ఆ కొలతల్లో ఒకటి పురపాలక అధికారులకు అంతగా రుచించనిది. కిటికీలు, దుకాణాలు వీధి వైపు తెరిచి ఉన్న చోట భయం తగ్గుతుంది. రాత్రి పది దాకా మిర్చి బజ్జీల బండి, ఇడ్లీ బండి, పూలమ్మే అవ్వ ఉన్న మలుపులో ఆడపిల్లలు నిశ్చింతగా నిలబడతారు. ఎవరైనా వెంటపడితే వెళ్లి ఆగేది ఆ బండి దగ్గరే. ఆక్రమణల తొలగింపు పేరుతో ఆ బండ్లన్నిటినీ ఎత్తేసిన మర్నాడు ఆ మలుపు శుభ్రంగా ఉంటుంది, ఖాళీగానూ ఉంటుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వార్డుల్లో వెండింగ్ జోన్లు గుర్తించేటప్పుడు బస్టాపులను, మెట్రో మెట్లను, ఫుట్ ఓవర్ బ్రిడ్జి మొదళ్లను లెక్కలోకి తీసుకోవాలి. మరోవైపు, మద్యం దుకాణం ముందు రోడ్డు మీదే తాగుతూ నిలబడే గుంపు ఉన్నచోట ఆడవాళ్లు రోడ్డుకు అవతలి వైపు దిగి నడుస్తారు. దుకాణం స్థలానికి అనుమతి ఇచ్చేటప్పుడు గుడికి, బడికి దూరం కొలిచే శాఖ బస్టాపుకూ కొలవడం సబబు.

కెమెరాల గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. నిర్భయ నిధి కింద సేఫ్ సిటీ పథకానికి ఎంపికైన 8 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. వందమందికి మించి గుమికూడే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ దాచాలన్న చట్టం 2013 నుంచే ఉంది. కెమెరా నేరం జరిగాక దొంగను పట్టిస్తుంది. ఈల వేసేవాణ్ణి ఆపదు.

పోలీసు శాఖకు మిగిలిన ప్రశ్న పరిధి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద అపహరణకు గురైన పశువైద్యురాలి కుటుంబం ఫిర్యాదుకు వెళితే, ఆ చోటు ఏ స్టేషను కిందికి వస్తుందన్న తర్జనభర్జనలో విలువైన సమయం పోయింది. జాప్యం చేశారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. డిసెంబరు 6న ఆమె హత్య కేసులో నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోవడంతో చర్చంతా అటు మళ్లింది. లారీలు వరసగా ఆగి ఉండే ఆ రోడ్డు పక్క చీకటి, స్కూటీ పెట్టుకోవడానికి సరైన చోటు లేకపోవడం, పరిధుల పేచీ వెనక్కి పోయాయి. ఆ రోజుల్లోనే మహిళలకు పోలీసులు జాగ్రత్తల జాబితా విడుదల చేశారు: ఎక్కడికెళుతున్నదీ ఇంట్లో చెప్పాలి, జనం ఉన్నచోటే ఆగాలి, ఇలా. టోల్‌ప్లాజా నిర్వాహకులకో, రోడ్డు పక్క లారీలు ఆపే యజమానులకో అలాంటి జాబితా వెళ్లి ఉంటే అది అంతకంటే పనికొచ్చేది. జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది, ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకుని తీరాలి. అయితే కౌంటర్ దగ్గర కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ నోట ‘ఇది మా ఏరియా కాదమ్మా’ అన్న మాట పోవాలంటే సెక్షను చాలదు. ఆ మాట అన్నవాళ్ల మీద ఏ చర్య తీసుకున్నారో ఏటా చెప్పాలి.

బస్సులో, స్టాపులో చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేయగలరన్నదీ ఈ శాఖలు నేర్పగల విషయమే. వేధించేవాడితో కొట్లాటకు దిగాలంటే అందరికీ భయం ఉంటుంది, అక్కర్లేదు కూడా. ‘అమ్మా, ఇటు రా, ఇక్కడ కూర్చో’ అని పిలవడం, ‘ఈ బస్సు లకడీకాపూల్ పోతుందా?’ అని ఆ అమ్మాయినే అడిగి మధ్యలో నిలబడటం, దిగాక ‘కంప్లయింట్ ఇస్తావా, నేనొస్తా’ అనడం. ఇందులో మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే కేసు నిలబడేది సాక్షితోనే. కండక్టర్ల శిక్షణలో టికెట్ మిషను వాడకానికి కేటాయించే సమయంలో పదో వంతు దీనికి కేటాయించినా తేడా కనిపిస్తుంది.

హెచ్చరిక బోర్డు సంగతి చివరిగా. బస్సుల్లో ఉన్న బోర్డుల మీద సాధారణంగా ‘స్త్రీలను గౌరవించండి’ అని ఉంటుంది. గౌరవించే ఉద్దేశం లేనివాడు దాన్ని చదవడు, వేధింపుకు గురైన మనిషికి అది దారి చూపదు. బోర్డు మీద ఉండాల్సింది బస్సు నంబరు, డిపో పేరు, డిపోలో బాధ్యుడైన అధికారి హోదా, 112, 181 నంబర్లు, ఫిర్యాదు చేస్తే సిబ్బంది బస్సు ఆపి పోలీసులకు చెప్పాల్సిందేనన్న ఒక వాక్యం. అదీ తెలుగులో, ఉర్దూలో, హిందీలో, నిలబడిన మనిషి కళ్లకు ఎదురుగా, ఆడవాళ్ల సీట్ల వైపున. స్టాపు షెల్టర్‌లోనూ ఇలాగే స్టాపు నంబరు, అది ఏ స్టేషను పరిధిలోదో రాసి ఉండాలి, ఎక్కడున్నావని అటునుంచి అడిగినప్పుడు చుట్టూ చూసి చెప్పడానికి.